మంగ కుట్టిన బొంత

సత్యవతీ,

నువ్వు వెళ్ళి నేటికి ఏడాది కదా అని పక్కింటి మంగ బొంత కుట్టి తెచ్చింది. నువ్వు ఆఖరి ఏడాది కట్టిన చీరల మూట ఆవిడకిచ్చింది నేనే, నా బుద్ధితక్కువ. ఒక్కో ముక్క మీద వేలు పెట్టి, ఇది కొబ్బరి దింపులనాడు కట్టింది, ఇది ఆసుపత్రికి కట్టింది అని ఆవిడ చెబుతుంటే, నలభై ఏళ్లు కాపురం చేసిన మొగుణ్ణి, చుట్టంలా కూర్చుని విన్నాను. దింపులంటే గుర్తొచ్చింది, ఈసారి కాయ మరీ చిన్నది. సరే, అదలా ఉంచు.

ఒళ్ళు మండి, ఆకుపచ్చ ముక్క పట్టుకున్నాను.

"ఇది నాకు తెలుసు. వాడపల్లి వెళ్ళినప్పుడు కట్టింది. రేవులో నాకేసి చూసి నవ్వింది కూడా."

"ఆయ్, అదేనండి అన్నయ్యగారూ. ఆ చీర నాదండి, వదిన ఆవేళకి అడిగి కట్టుకుంది. ఆ రోజు కూడా ఉండాలని నేనే కలిపేనండి."

నాకు గుర్తున్న ఒక్క చీరా ఆవిడదే, చూశావా? బొంత నా మంచం మీదే పరిచాను. ఆవిడ అడిగినా ఇవ్వను.