స్కోపులో కనిపించిన రూతు

అన్నా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నువ్వు ఫోటోలు తీసిన రాజహంసలను చూడాలని నీ కూతురు రూతు పట్టుబట్టిందని, వదినకు చెప్పకుండా తడ ఊరు దాటి సరస్సు దగ్గరికి తీసుకొచ్చాను. గట్టు దిగవద్దని దానికి చెప్పి, దూరపు పక్షుల్ని దగ్గరగా చూపే నీ స్కోపు నిలబెట్టి, కన్ను పెట్టే చోట నీ చిన్న కెమెరా ఆనించాను. ఇంకాస్త దగ్గరి ఫోటో కోసం నువ్వు దిగి మునిగిపోయిన ఊబి వైపు తిప్పాను. కెమెరా తెర మీద, ఆ పక్షుల మధ్య రూతు నిలబడి ఉంది!

చెప్పులు వదిలేసి పరిగెత్తాను. సగం దూరంలోనే, గట్టు మీద, అది ఎదురొచ్చింది.

"ఏంది చిన్నాయనా, అట్లా పరిగెత్తినావు? నేను గట్టు దిగనే లేదే!"

కొట్టబోయి, దాన్ని పట్టుకుని కూలబడ్డాను.

ముందూ వెనకా ఉన్నవి స్కోపులో పక్కపక్కనే కనబడతాయని నువ్వే చెప్పేవాడివి. ఆ క్షణాన గుర్తు రాలేదు. ఇంటికొచ్చాక కెమెరా తెరిచి చూశాను.

కంగారులో ఎప్పుడు నొక్కానో, ఫోటో పడింది. చెరిపేద్దామనుకున్నాను, చేతకాలేదు. అందులో నువ్వు మునిగిన చోటే నిలబడి నీ కూతురు నవ్వుతోంది.