ఆరో రచనకు దొరికిన శబ్దం

కుందుర్పి, శుక్రవారం రాత్రి

కీబోర్డుకూ రెండు వయొలిన్లకూ రాస్తున్న చిన్న రచనల్లో ఆరోది ఇవాళ పూర్తయింది. వాయిస్తే రెండు నిమిషాలు కూడా పట్టదు. అన్నిటిలోకీ ఇదే బాగా వచ్చింది. ఆ మాట రాయడానికే సిగ్గుగా ఉంది.

పొద్దున ఓబులేసు మామ చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, బోరు వేస్తుంటే, ఆ శబ్దం కోసం రికార్డరు పట్టుకుని వెళ్లాను. చెట్లన్నీ ఆకులు ముడుచుకుని ఉన్నాయి. మధ్యాహ్నమైనా బోరులోంచి నీటి తడి లేని తెల్ల దుమ్మే లేస్తోంది.

"ఈడ రాదప్పా. గట్టు అవతల ఏస్తాం. సాయంత్రానికి ఇంగో ఊరికి పోవల్ల" అన్నాడు బోరుబండి డ్రైవరు.

మామ నావైపు తిరిగాడు. "ఏమల్లుడా, నీది సంగీతం చెవి. రాయి మెత్తబడినట్ల ఇనపడతాండాదా?"

నిజంగానే బోరు శబ్దం శ్రుతి కాస్త దిగింది. అది నీళ్ల వల్లో, ఇంజను వల్లో నాకేం తెలుసు? కానీ దిగిన ఆ స్వరం నాకు ఇంకాసేపు కావాలి.

"ఇనపడతాండాది మామా. ఆపొద్దు" అన్నాను.

సాయంత్రం దాకా అక్కడే దించారు. దుమ్మే వచ్చింది. గట్టు అవతల వేయకుండానే బండి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడొస్తుందో, అప్పటికి ఎన్ని చెట్లు మిగులుతాయో.

నేను బయల్దేరుతుంటే మామ నా రికార్డరు మీది దుమ్మును తువ్వాలుతో తుడిచి చేతికిచ్చాడు.

"మళ్ల బండి వచ్చినబుడు నువ్వు రావల్ల అల్లుడా. వాళ్ల మాట ఇనింటే మధ్యాన్నమే ఆశ ఇడిసిపెట్టి ఆపేసిందుము."