దీపం చుట్టూ ప్రభ

ఫిలింనగర్

చెల్లాయ్ జగదాంబా, నేను కులాసా. ఫోనులో చెబితే కంగారుపడతావని కార్డు రాస్తున్నాను.

నిన్న షూటింగులో లైట్ల చుట్టూ నీలం వలయాలు కనిపిస్తే, సెట్లో పొగ ఎక్కువైందనుకుని తగ్గించమన్నాను. “ఇయ్యాల పొగనే పెట్టలే మామా, జర కండ్లు చూపించుకో” అన్నాడు తోటి లైట్‌మన్ వెంకటనర్సయ్య. డాక్టరుని అడిగితే, మనిద్దరం గుండెదడకు వేసుకుంటున్న మాత్ర వల్ల కొందరికి అలా కనిపిస్తుందట. మనంతట మనం మానకూడదు, కళ్ళు చూపించుకోవాలి అన్నారు.

సందెదీపం చుట్టూ అమ్మవారి ప్రభ కనబడుతోందని మొన్న మురిసిపోయావు కదా, అదీ నీలమేనా? బావగారితో వెళ్ళి డాక్టరుకి ఆ మాట చెప్పు, మందు మానేయకు. ఆ మాత్ర వేసుకునేవాళ్ళకి ఎండ కూడా పడదట, వడియాలు కోడలు భువన చేత పెట్టించు.

ప్రభ అమ్మవారిదే అయితే పరీక్ష చేసినంత మాత్రాన పోదులే.

పిల్లలకు ఆశీస్సులు.

నీ అన్నయ్య,
వీరరాఘవయ్య