మూతి సరిచేసిన ఫోటో

ఏమండీ, నేను డ్యూటీకి వెళ్తున్నాను. ఫోటో స్టూడియోకి తీసుకెళ్ళడానికి పదింటికి మీ తమ్ముడు బండి తెస్తాడు. గడ్డం అతనే గీస్తాడు, మీరు పంతానికి పోయి ఎడమచేత్తో గీసుకుని చెంప కోసుకోకండి. నీలం చొక్కా తీసిపెట్టాను. తెల్లది వేసుకుంటే వెనక తెరలో కలిసిపోతుందట. కళ్ళద్దాలు తీసెయ్యాలి, నవ్వకూడదు. నవ్వొద్దని మీకు చెప్పాల్సిన పనేముందిలెండి, తలలో కణితి వచ్చి మూతి వంకరపోయాక మీరు నవ్వగా ఎవరు చూశారు గనక.

స్టూడియో అతనికి ముందే గట్టిగా చెప్పమని మీ తమ్ముడితో అనండి. కిందటిసారి మనల్ని అడక్కుండానే కంప్యూటర్లో మీ మూతి సరిచేసి పెట్టాడు. చూసి మనమంతా మురిసిపోయాం. వీసా ఆఫీసులో ఆవిడ ఫోటోనీ మిమ్మల్నీ మార్చి మార్చి చూసి, "ఇది ఈయన కాదు" అని అప్లికేషన్ వెనక్కి తోసేసింది. పైదేశం ఆసుపత్రివాళ్ళు ఆపరేషన్‌కి ఇచ్చిన తేదీ కాస్తా దాటిపోయింది. ఈసారిది కూడా దాటితే ఇంకోటి ఇవ్వరట. కాబట్టి మూతి ఎలా ఉంటే అలాగే దిగండి, సిగ్గుపడితే కుదరదు.

మాత్రలు గ్లాసు పక్కనే ఉన్నాయి.

చెప్పకూడదనుకున్నాను గానీ కడుపులో దాగడం లేదు. కిందటిసారి మూతి సరిచేసిన వాటిలో మిగిలిన ఫోటోలు అత్తయ్య తన పెట్టెలో బట్టల అడుగున దాచింది. ఎందుకని అడిగితే గోడమీద దండతో ఉన్న మామయ్య ఫోటో వైపు చూసింది. చించేద్దామని తీశాను, చేతులు రాలేదు. మీరు ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చి, పడిపోయిన ఆ కుడిచేత్తోనే చించండి.