వెయ్యి తొమ్మిదో మనిషి

హుకుంపేట

ప్రియమైన తమ్ముడూ,

ఇక్కడ ఫోన్ సిగ్నల్ సంగతి నీకు తెలిసిందే. అందుకే జీపు వరహాలరావు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. విశాఖలో నువ్వు చదివే లెక్కలు ఇన్నాళ్ళకు ఇంటికి అక్కరకొచ్చాయి.

వచ్చే నెల ఉత్సవంలో చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళంతా కలిసి థింసా నాట్యం ఆడాలి. చూసుకునే బాధ్యత నాది. మొన్న సంత మైదానంలో అమ్మ అందరినీ లెక్కపెట్టింది. నేను చివర్లో వెళ్ళి అడిగితే "వెయ్యెనిమిది" అంది. ఇంట్లో కంచాలు లెక్కపెట్టినా తనను వదిలేసే మనిషి కదా, నేను ఒకటి కలిపి వెయ్యి తొమ్మిది రాశాను. పైనుంచి వీడియో తీస్తారట, వరసలన్నీ సమానంగా ఉండాలని ఉత్సవం ఏర్పాట్లు చూసే ఆఫీసరుగారి పట్టు. కాగితం మీద ఎలా పేర్చినా ఎవరో ఒకరు మిగులుతున్నారు. "ఆ మోకాలు నొప్పి పెద్దావిణ్ణి కూర్చోబెట్టండి" అన్నారు. అంటే అమ్మను. ఈ ఏడాదితో ఆట చాలించమని డాక్టరు ముందే చెప్పాడు. అమ్మ ఆట కోసం ఉతికిన చీర మడిచి పెట్టెలో పెట్టేసింది. ఏదైనా దారి చూడు.

నీ అక్క,
రమణి

విశాఖపట్నం

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివి క్లాసు ఎగ్గొట్టాను. ముందు చెడ్డ కబురు. 1009 ప్రధాన సంఖ్య. ముప్పై ఒకటి దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూశాను, దేనికీ లొంగలేదు. ముప్పై రెండు ముప్పైరెళ్ళు 1024, దాటిపోయింది కాబట్టి ఆపైన వెతకనక్కర్లేదు. విచిత్రం చూడు, దాని పక్కింటి 1008ని ముప్పై సంఖ్యలు నిశ్శేషంగా భాగిస్తాయి. ఊరందరితో చుట్టరికం కలిపే మనిషి పక్కన ఎవరి మాటా వినని మనిషి కాపురమున్నట్టు. ఒకర్ని తియ్యమన్నది ఈ సుళువు కోసమే. లెక్కకు అది సరే, నాకు సరికాదు.

ఇక మంచి కబురు. రెండుని పక్కన పెడితే ప్రధాన సంఖ్యల్లో రెండు తెగలు. నాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలేవి కొన్ని, మూడు మిగిలేవి కొన్ని. మొదటి తెగవి ఎంత పెద్దవైనా రెండు చదరాలుగా విడిపోతాయి. మనది ఆ తెగే. ఇరవై ఎనిమిది వరసల్లో ఇరవై ఎనిమిదేసి మంది, 784. పదిహేను వరసల్లో పదిహేనేసి, 225. కూడి చూడు. పెద్ద చదరం, దాని ముందు చిన్న చదరం. అమ్మను చీర బయటికి తియ్యమను.

నీ తమ్ముడు,
కామేష్

ప్రియమైన తమ్ముడూ,

నీ చదరాలు ఆఫీసరుగారికి నచ్చాయి. కానీ నిన్న నిలబెట్టి చూస్తే పెద్దది నిండింది, చిన్నదాంట్లో ఆఖరి చోటు ఖాళీ. ఒక్కో ఊరి పేరూ పిలిచి అడిగాను, రానివాళ్ళు లేరు. నీ లెక్క ఎక్కడో తప్పింది. ఆఫీసరుగారు మళ్ళీ వరసలంటున్నారు. భయంగా ఉంది.

రమణి

అక్కా,

ఆ లెక్క మనం పుట్టకముందు నుంచీ నిజం. మనిషే తక్కువ. అమ్మ ఎవరితో మొదలుపెట్టి లెక్కపెట్టిందో అడుగు.

కామేష్

ప్రియమైన తమ్ముడూ,

అడిగాను. అమ్మ పడీపడీ నవ్వింది. "ఏటే గుంటా, నన్నొదిలీసేననుకున్నావేటి? ముందు నన్నే ముట్టుకుని లాభం అన్నాను. ఆ తరవాతే రెండు, మూడు" అంది. సంతలో చోళ్ళ గింజలు కొలిచేవాళ్ళు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు కదా. అలా అందరికంటే ముందు తననే లెక్కపెట్టుకుంది. నేను కలిపిందే ఎక్కువ. ఉన్నది వెయ్యెనిమిది మందే, నువ్వన్న ఊరందరి చుట్టం. ముప్పై ఆరు వరసలు, వరసకు ఇరవై ఎనిమిది. మిగిలిపోతుందని మనం బెంగపడ్డ మనిషి అసలు లేనే లేదు.

ఉత్సవం నిన్న అయింది. మొదటి వరసలో మొదటి చోటు అమ్మది. మోకాలు వాచింది, అయినా మొహం వెలిగిపోతోంది. నాకైతే ఏడుపొచ్చింది.

సాయంత్రం చుట్టాలొచ్చారు. అన్నాలకు అమ్మ కంచాలు లెక్కపెట్టింది. అత్త దగ్గర "లాభం" అని మొదలుపెట్టి తొమ్మిదికి ఆపేసింది. తనను మళ్ళీ వదిలేసింది. నేను లేచి ఇంకో కంచం పెట్టాను. ఈసారి నా లెక్క తప్పలేదు.

నీ అక్క,
రమణి