మోతిని తోలుకురా

తాండూరు, 12-8-1956

తమ్ముడు యోబుకు, ప్రభువు నీ ఇంటిని చల్లగా చూచుగాక.

మా కుక్క మోతిని నీ వెంట ధారూర్‌కు ఎందుకు పంపానో నీకు చెప్పలేదు. ఇక చెప్పక తప్పదని ఈ ఉత్తరం రాస్తున్నాను. సాయంత్రం నేను మన ప్రార్థన గుడి గంట కొట్టగానే అది మోరెత్తి ఏడ్చేది. పక్కింటి బుగ్గమ్మ పెనిమిటి అనంతయ్య అప్పటికే క్షయతో మంచంలో ఉన్నాడు. "అక్కా, నీ కుక్క నా పుస్తెల మీద ఏడుస్తున్నది" అని బుగ్గమ్మ మాటలు మానేసింది. వాడ పెద్దలు కూర్చున్నారు. "గంట ఆపుతవా, కుక్కను ఆపుతవా రాహేలమ్మా?" అని పటేలు నవ్వాడు. శకునాలు నేను నమ్మను. బుగ్గమ్మ మనశ్శాంతి కోసం కుక్కను పంపడానికి ఒప్పుకున్నాను.

తరువాతి ఆదివారం బుగ్గమ్మ నీళ్లకు పోయినప్పుడు అనంతయ్య నన్ను పిలిచాడు. "మోతి గొంతు వినొస్తలేదేందక్కా? అది ఏడిస్తే, ఇంకో దినం గడిపిన అనుకుంటుంటి. నాకన్న ముందే పోయిందా?" అన్నాడు. మేమంతా తీర్పు చేశాం గానీ అతన్ని అడిగినవారు లేరు. అతని దుప్పటి సర్ది వచ్చాను. బుధవారం అతను పోయాడు.

నిన్న బుగ్గమ్మ వచ్చి, "ఇల్లు బోసిగున్నది. కుక్కను తెప్పియ్యక్కా, ఏడిస్తే ఏడువనీ" అన్నది. వీలు చూసుకుని మోతిని తోలుకురా. వచ్చేటప్పుడు కొంచెం చింతపండు తే. నీ చిన్న బిడ్డకు గజ్జి తగ్గిందా? వేపాకు నీళ్లు పోయించు. మరదలికి, పిల్లలకు నా దీవెనలు.

అనంతయ్య అడిగిన మాట బుగ్గమ్మకు తెలియదు, తెలిస్తే తట్టుకోలేదు. ఈ ఉత్తరం నీ దగ్గరే దాచుకో, ఎవరికీ చూపకు.

అక్క రాహేలమ్మ