కాలువలో కడిగిన తెల్లసొన

రాఘవా,

తమ్ముడూ, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక కర్నూలులో నాలాంటి విలేకరికి వార్తలు తక్కువ. ఉదయం నీ ప్రయోగశాలకు వెళ్ళాను. నీతో పనిచేసిన కాశిం రమ్మని కబురు పెట్టాడు.

గుడ్డు తెల్లసొనలోని మాంసకృత్తుకు చక్కెర అతుక్కుని ఉంటుందని నువ్వు అనేవాడివి. విడి చక్కెరైతే కడిగితే పోవాలి. దానికి గంటల తరబడి పారే నీళ్ళు కావాలి. కొళాయి మధ్యలోనే ఆగిపోయేది. అందుకని తెల్లసొనను విడి చక్కెరను పోనిచ్చి మాంసకృత్తును ఆపే పలుచటి పొర సంచిలో పోసి కె.సి. కాలువలో కట్టేవాడివి. ఎంత కడిగినా, మందుల్లో ముంచితే చక్కెర ఉన్నట్టు గులాబీ రంగు తేలింది. అది కాలువ మురికి అని మీ ప్రయోగశాల పెద్దసారు కొట్టిపారేశాడు.

ఈసారి కాశిం స్వేదనజలంతో కడిగాడు. ఆ తెల్లసొన చుక్క ఆరిన కాగితాన్ని నువ్వు నేర్పిన మందుల్లో ముంచాడు. చుక్క ఉన్నచోటే ముదురు గులాబీ రంగు తేలింది. పెద్దసారు కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు.

"ఇప్పుడేమంటారు సార్? ఈడ కాలువ యాడుండాది?" అన్నాడు కాశిం.

"రాఘవ చెప్పిందే సరి," అన్నాడాయన.

కాశిం నా వైపు తిరిగాడు. "బర్రెలు తొక్కకుండా గట్టున కాపలా కూడా కూర్చుంటిమన్నా. శానా కడిగినా పోలేదు సూడు."

వార్త రాసి పంపాను. మొదటి వాక్యంలోనే నీ పేరు పెట్టాను.

ప్రయోగశాల నుంచి వచ్చేటప్పుడు కాశిం చెయ్యి పట్టుకున్నాను. అతని వేళ్ళకు ఆ గులాబీ రంగు అంటి ఉంది. నీకు చివరి స్నానం చేయించిన రోజు నీ వేళ్ళ మీద ఉన్నదీ అదే. సబ్బు పెట్టి రుద్దాను. పోలేదు.

అన్న